ఆరో తేదీ దాకా పండుగే

డోర్నకల్‌లోని పెద్ద చర్చిని మొదటిసారి చూసినవాళ్లు కాసేపు అలా నిలబడిపోతారు. పైన మసీదును తలపించే గుమ్మటాలు, లోపల గుడి మండపాన్ని గుర్తుచేసే స్తంభాలు, వాటి నడుమ సిలువ. దాని పేరు ఎపిఫనీ కెథీడ్రల్. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసుకుంటూ వచ్చి బాలయేసును దర్శించిన రోజే ఎపిఫనీ. డిసెంబరు 25 నుంచి పన్నెండు రోజులు గడిచాక, జనవరి 6న వస్తుంది. సంప్రదాయంగా క్రిస్మస్ కాలం ముగిసేది ఆ రోజుతోనే. 1939లో చర్చిని ప్రతిష్ఠించిందీ అదే తేదీన.

ఈ చర్చి కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య తమిళుడు. తిరునల్వేలి ప్రాంతం నుంచి 1909లో డోర్నకల్ వచ్చి, ఇక్కడే స్థిరపడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూశారు. అభిషేకం, మరణం, చర్చి ప్రతిష్ఠ మూడూ క్రిస్మస్ నుంచి ఎపిఫనీ దాకా ఉన్న రోజుల్లోనే జరగడం చూస్తే, ఈ ఊరికి పండుగ చివరి రోజులతో ఎంత దగ్గరి బంధముందో తెలుస్తుంది.

మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి పల్లెల్లో ఇప్పుడు క్రిస్మస్ అంటే డిసెంబరు హడావుడే ఎక్కువ. సెమీ క్రిస్మస్‌లు, రాత్రి క్యారల్స్, కేకులు, కొత్త బట్టలు. 31 రాత్రి ఆరాధనలో కొత్త ఏడాది వాగ్దాన కార్డు చేతికందాక చాలామందికి పండుగ అయిపోయినట్టే. ఎపిఫనీని ప్రత్యేకంగా పాటించని సంఘాలూ చాలానే ఉన్నాయి. మరి వాకిట్లో నక్షత్రం ఎప్పుడు దించాలి? పాత పద్ధతి ప్రకారం ఆరో తేదీ దాకా వెలగనివ్వవచ్చు. సంక్రాంతి దాకా ఉంచే ఇళ్లూ ఉన్నాయి, అందులో తప్పేమీ లేదు.

ఇంటిల్లిపాది ఫొటోతో కార్డులు పంపడానికీ క్రిస్మస్ తర్వాతి ఈ రోజులే మంచి వేళ. డిసెంబరులో ఎవరికీ తీరదు. పండుగకు హైదరాబాద్ నుంచి, గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి పిల్లలు వస్తారు. ఇల్లంతా ఒక్క ఫొటోలో పట్టేది ఆ నాలుగు రోజుల్లోనే. ఆ ఫొటోను ప్రింటు వేయించి, వెనక రెండు ముక్కలు రాసి పంపితే ఆలస్యమైనట్టు కాదు. జ్ఞానులు కూడా బంగారం, సాంబ్రాణి, బోళం పట్టుకుని వచ్చింది పుట్టిన రాత్రి కాదుగదా!

క్రిస్మస్ కార్డు పుట్టుకలోనే కుటుంబం బొమ్మ ఉంది. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే అధికారికి వచ్చిపడిన ఉత్తరాలన్నింటికీ జవాబు రాసే తీరిక దొరకలేదు. జాన్ హోర్స్‌లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించి, సుమారు వెయ్యి కార్డులు అచ్చు వేయించారు. మిగిలినవి ఒక్కోటి షిల్లింగుకు అమ్మారు. ఆ బొమ్మలో మూడు తరాల కుటుంబం ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉంటుంది. పక్కల బీదలకు అన్నం, బట్ట పెడుతున్న దృశ్యాలు. తర్వాత అరవై ఏళ్లకు, 1903లో కొడాక్ సంస్థ పోస్టుకార్డంత నెగెటివ్ వచ్చే కెమెరా తెచ్చింది. అప్పటి నుంచి గీసిన బొమ్మ స్థానంలోకి సొంత ముఖాలు రావడం తేలికైంది.

మన దగ్గర కుటుంబం ఫొటోను ఇంటింటికీ చేర్చే పనిని ఎక్కువగా గోడ క్యాలెండర్లు చేస్తున్నాయి. పాస్టర్ గారి కుటుంబం ఫొటో, పైన వాక్యం, కింద పన్నెండు నెలలు. ఏడాది పొడవునా అది ఇంటి గోడ మీదే ఉంటుంది. అలాంటి గౌరవం మన సొంత అమ్మమ్మ ఫొటోకూ దక్కాలి.

పెద్ద ఖర్చేం లేదు. 4x6 సైజు ప్రింటు చాలు. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది, ప్రింటులో ముఖాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు స్టూడియోకు చేరుతుంది. వెనక బాల్ పెన్నుతో, ఒత్తకుండా రాయాలి. గట్టిగా నొక్కితే గీతలు ముందువైపు ముఖాల మీద తేలతాయి. ఎడమ నుంచి ఎవరెవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తప్పక రాయాలి. ఇవాళ అందరికీ తెలిసిన ముఖమే ముప్పై ఏళ్ల తర్వాత ‘ఈమె ఎవరు?’ అనిపిస్తుంది. చివర ‘చిన్నాయనకు, చిన్నమ్మకు వందనాలు’ అని సొంత చేతిరాతలో ఉండాలి. కవరు మీద పిన్‌కోడ్ మరవకూడదు.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో అజరయ్య పాశ్చాత్యులను అడిగింది ధనం కాదు, స్నేహం. చేత్తో రాసిన కార్డు మోసుకెళ్లేదీ అదే. ఆయన పనిచేసిన ఊళ్లలో పండుగ అయ్యాక, బంధువులను రైలెక్కించి వచ్చాక, ఇల్లు బోసిపోతుంది. ఎవరో ఒకరు స్టూలెక్కి నక్షత్రం దించుతారు. బల్బు విప్పి, వైరు చుట్టి, చిరగకుండా కాగితం మడిచి అటక మీద పెడతారు. ఆ సాయంత్రమే మంచం మీద ఫొటోలు పరుచుకుని, పెద్దమ్మాయి చిరునామాలు చెబుతుంటే తాత ఒక్కో కవరు మీద వణికే చేత్తో పేర్లు రాయవచ్చు. ముందుగా ఈసారి పండుగకు రాలేకపోయినవాళ్ల పేర్లు.