ముదిమిలో పోయిన శక్తి మరల వచ్చునా?

ఇంటిలోని పెద్దవారు ఒకనాడు స్నానమునకు తోడు కోరిరనుకొందము. ఇక వారు కోలుకొనరని మనలో మనమే తీర్పు చెప్పుకొందుము. ఆ తీర్పు తొందరపాటని మా అభిప్రాయము.

అశక్తతను కొలుచుటకు వైద్యులకొక సులభమైన కొలత కలదు. అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున సిడ్నీ కాట్జ్ అను వైద్యుడును ఆయన సహచరులును 1963లో దానిని ప్రకటించిరి. స్నానము, బట్టలు కట్టుకొనుట, మరుగుదొడ్డికి పోయివచ్చుట, పడక దిగి కుర్చీలో కూర్చుండుట, మలమూత్రములను ఆపుకొనుట, భోజనము — ఈ ఆరింటిలో పరుల సాయము లేక ఎన్ని చేయగలరో చూతురు. సాధారణముగా మొదట తప్పిపోవునది స్నానము. కడపటివరకు నిలుచునది తన చేతితో తాను తినుట.

మెట్లు దిగినవారు మరల ఎక్కరని దీని అర్థము కాదు. ఏల్ విశ్వవిద్యాలయమువారు స్వతంత్రముగా మసలుచున్న 70 ఏండ్లు నిండిన 754 మందిని 1998 మొదలు నెలనెలా విచారించుచు వచ్చిరి. వారిలో క్రొత్తగా అశక్తులైనవారిలో నూటికి 81 మంది ఏడాదిలోపలనే తేరుకొనిరని 2004లో ప్రకటించిరి. ఆరునెలలకో ఏడాదికో ఒకసారి చూచువారికి ఈ రాకపోకలు కంటబడవు.

ముందే చిక్కి బలహీనులైనవారికి తేరుకొనుట ఇంత సులభము కాదు. అట్టివారికై శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనాటౌనులో 1971లో ‘ఆన్ లాక్’ అను సంస్థ వెలసినది. ముసలివారు రాత్రి తమ ఇంటనే ఉందురు. పగలు కేంద్రమునకు వచ్చి వైద్యము, వ్యాయామము, భోజనము పొందుదురు. ఒక్కొక్కరికి నెలకింతయని నిర్ణీతమైన సొమ్ము సంస్థకు ముట్టును. వారు పడి ఆసుపత్రిలో చేరినచో ఆ వ్యయమును సంస్థయే భరింపవలెను. కావున పడకుండ చూచుటయే లాభము. అయితే ఖర్చు తగ్గింపవలెనని సేవను కూడ తగ్గించు ప్రమాదము లేకపోలేదు. 1997 నాటి చట్టము ఈ పద్ధతిని స్థిరపరచినది. దాని నియమములను అనుసరించి వైద్యుడు, నర్సు మొదలగువారు ఆరునెలలకొకమారైనను ప్రతివారిని మరల పరీక్షింతురు.

ఇంతటి ఏర్పాటు మన ఇండ్లలో లేదు. కాని జ్వరము తగ్గిన పిమ్మటను కొడుకులు కోడండ్రు ప్రేమకొలది అన్నియు తామే చేసిపెట్టుట మాత్రము కలదు. పది దినములు కదలక పడకపైనున్న ముసలివాని కాలి కండ వేగముగా కరగును. మరల తానై నీళ్ళు పోసికొనుటకు మన పొట్టి పీట కూడ అడ్డమే. దానినుండి లేచుట కష్టము. మోకాలెత్తు బల్లయు, చేతికందునట్లు గోడకొక ఇనుప కమ్మియు అమర్చి, నెలకొకమారు వారినే ప్రయత్నింపుడని అడిగి చూడవచ్చును.