చేవ్రాలు ఎవరిది?



వంటయింట గ్యాసు గొట్టము వదులైనచో కంటికేమియు కనబడదు. ముక్కునకు మాత్రము దుర్గంధము సోకును. వెంటనే కిటికీలు తెఱచి సిలిండరును కట్టివేయుదుము. ఆ వాసన గ్యాసునకు సహజమైనది కాదు, జనరక్షణకై కలుపబడినది. ఈ యాచారము వ్యాపించుట వెనుక నొక కడుపుకోత కలదు.

1937 మార్చి 18వ తేదీన, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమందు న్యూలండన్ అను ఊరి పాఠశాల నేలక్రింద వాసనలేని గ్యాసు నిండి, ఒక్క నిప్పురవ్వకు ప్రేలిపోయెను. రమారమి 300 మంది బాలబాలికలు, ఉపాధ్యాయులు మరణించిరి. గ్యాసునకు వాసన కలుపవలెననియు, లైసెన్సు లేనివారు ఇంజనీరు వృత్తి చేయరాదనియు ఆ సంవత్సరమే అచ్చట శాసనములు పుట్టెను.

గ్యాసునకు వాసన కలిపితిమి. మఱి సాఫ్టువేరులోని దోషమునకు వాసన యెక్కడిది? యంత్రము ఏ పనిని ఎప్పుడు చేయవలెనో తెలుపు ఆజ్ఞల వరుసయే సాఫ్టువేరు. అందలి తప్పు కంటికిని ముక్కునకును అందదు.

1985 మొదలు 1987 వఱకు అమెరికా, కెనడా దేశముల ఆసుపత్రులలో థెరాక్-25 అను కిరణచికిత్సా యంత్రమువలన ఆరుగురు రోగులు మితిమీరిన కిరణములకు గురియైరి. కనీసము ముగ్గురు ఆ కారణమున మరణించిరి. మొదటి బాధితురాలు రొమ్ము క్యాన్సరునకు చికిత్స పొందుచుండిన 61 ఏండ్ల స్త్రీ. ఒడలు కాలినదని ఆమె మొఱపెట్టుకొన్నను, అది అసాధ్యమనిరి. వెనుకటి యంత్రమున ప్రమాదమును అడ్డుటకు వేఱు పరికరములుండెడివి. దీనియందు వానిని తొలగించి ఆ భారమును సాఫ్టువేరుపై మోపిరి.

నాన్సీ లెవెసన్ అను విదుషీమణి తన సహచరునితో కూడి ఈ యుదంతమును శోధించి 1993లో ప్రకటించెను. ఆ సాఫ్టువేరును వ్రాసినది ఒక్క మనుష్యుడట! అతడేమి చదివెనో, ఎంత అనుభవము గలవాడో న్యాయవాదులు విచారించినపుడు, ప్రశ్నింపబడిన కంపెనీవారిలో ఒక్కరును చెప్పజాలకపోయిరి.

1998లో ఆ టెక్సాసు రాష్ట్రమే అమెరికాలో మొట్టమొదట సాఫ్టువేరు ఇంజనీరులకు లైసెన్సు నొసగుటకు పూనుకొనెను. ఇందుకై 2013లో దేశవ్యాప్తముగ పరీక్ష యేర్పడెను. ఐదుమార్లు జరిగిన ఆ పరీక్షను వ్రాసినవారు మొత్తము 81 మంది! 2019తో అది నిలిచిపోయెను. కంపెనీ సొంత వస్తువులను చేయు ఉద్యోగులకు లైసెన్సు అక్కఱలేదని అచ్చటి చట్టములే సెలవిచ్చుచుండగా, పరీక్షకు పోవువారెవరు? కంప్యూటరు విద్వాంసుల సంఘమొకటి, ఈ విద్య యింకను పరిపక్వము కాలేదనియు, లైసెన్సు సాఫ్టువేరును మేలు చేయజాలదనియు 1999లో వాదించెను. ఆ మాటలో సత్యము లేకపోలేదు.

మన దేశమున రిజిస్టరు కాని వైద్యుడు వైద్యము చేయరాదు. ఆర్కిటెక్టు అను పేరు పెట్టుకొనుటకు 1972 నాటి శాసనము ప్రకారము రిజిస్ట్రేషను కావలెను. సాఫ్టువేరు ఇంజనీరునకు అట్టి నిబంధన లేదు. ఉన్నవి ధ్రువపత్రములు మాత్రమే. పని మొదలిడక పూర్వము ఎవరికేమి కావలెనో విచారించి వ్రాయు ఇంజనీరులకు సయితము 2007 నుండి అంతర్జాతీయ ధ్రువపత్రమొకటి కలదు. ఇది మెచ్చదగినదే. పెండ్లివంటకు వచ్చి, బంధువులెందఱో, ఎవరికేది పథ్యమో అడుగని వంటవాడు ఎంత రుచిగా వండిన నేమి లాభము?

అయినను ధ్రువపత్రము వేఱు, లైసెన్సు వేఱు. ధ్రువపత్రము నేర్చినవాని విద్యను చెప్పును. లైసెన్సు తప్పు జరిగినపుడు జవాబుదారి యెవరో చెప్పును. తప్పుచేసినవానినుండి దానిని లాగికొనవచ్చును. సరదా ఆటలు వ్రాయువారి కిది యెందుకని మేమును ఒప్పుకొందుము. కాని రోగి ప్రాణము, బండి బ్రేకు ఆధారపడియున్న సాఫ్టువేరు క్రింద ఒక్క మనిషి చేవ్రాలైనను ఉండవలదా?

హైదరాబాదులోను అమెరికాలోను మన తెలుగు బిడ్డలెందఱో ఈ కొలువులలో నున్నారు. వారు ఇంటికి వచ్చినపుడు జీతమెంత పెరిగెనని అడుగుచున్నాము. ఈమాఱు మఱొక్క ప్రశ్నయు వేయుదము: "నాయనా, తప్పు కనబడినచో 'ఆపుడు' అని చెప్పుటకు నీకు అధికారము కలదా?"