చెరువు నత్త, తోట నత్త

జగిత్యాల, కోరుట్ల మండలాల్లో చెరువు నీరో కాకతీయ కాలువ నీరో మడిలో నిలిచిందంటే నత్తగుల్లలు కనిపిస్తాయి. వాటిలో పెద్దది పైలా. దాని ఒంట్లో కుడివైపు మొప్ప, ఎడమవైపు ఊపిరితిత్తి ఉంటాయి. నీటి అడుగున మొప్పతో, పైకి తేలినప్పుడు ఊపిరితిత్తితో శ్వాసిస్తుంది. ఎండాకాలంలో చెరువు ఎండితే బురదలోకి దిగి, గుల్ల నోటికున్న గట్టి మూత బిగించుకుని నెలల తరబడి కదలకుండా ఉంటుంది. వానలు పడగానే మళ్లీ బయటికొస్తుంది.

నత్తల వంశం దాదాపు 50 కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో పుట్టింది. తర్వాత వేర్వేరు శాఖలు వేర్వేరు కాలాల్లో మంచినీటికి, నేలకు చేరాయి. దక్కన్ లావా పొరల నడుమ పూడిపోయిన పాత చెరువుల మట్టిలో ఫైసా ప్రిన్సెపీ అనే నత్త శిలాజాలు దొరుకుతాయి. వాటి వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. గుల్ల పోగొట్టుకుని స్లగ్‌లుగా మారిన శాఖలు కూడా అనేకం. గుల్ల కట్టాలంటే సున్నం కావాలి. గుల్లే లేకపోతే ఆ ఖర్చు తప్పుతుంది, ఇరుకు సందుల్లోకి దూరడం సులువవుతుంది. కానీ ఒళ్లు త్వరగా ఎండిపోతుంది కనుక స్లగ్‌లు తడి రాత్రుల్లోనే తిరుగుతాయి.

పైలా నీటి మొక్కలు తిని బతుకుతుంది, వరికి పెద్దగా నష్టం చేయదు. కూరగాయలకు, బొప్పాయికి, అరటికి అసలు శత్రువు ఆఫ్రికా రాక్షస నత్త. 1847లో విలియం బెన్సన్ మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలిన ఈ నత్త, కుండీల మట్టితోనూ నారుమొక్కలతోనూ దేశంలో చాలా చోట్లకు పాకింది. ఈ జాతి ప్రతి నత్తలోనూ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. ఒక్కో విడతకు వందకు పైగా గుడ్లు పెట్టగలదు.

దీనికి ఏరివేతే మేలైన మందు. సాయంత్రం తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పరిస్తే నత్తలు అక్కడికి చేరతాయి. తెల్లవారి తొడుగులు వేసుకుని ఏరి, ఉప్పునీటిలో వేయాలి. ఎలుకల నుంచి వచ్చే, మనిషి మెదడుకు చేటుచేసే పురుగు వాటిలో ఉండొచ్చు కాబట్టి ఒట్టి చేతులతో తాకకూడదు. మెటాల్డిహైడ్ ఎర పనిచేస్తుంది గానీ కుక్కలకు ప్రాణాంతకం. ఐరన్ ఫాస్ఫేట్ ఎరతో ఆ ముప్పు తక్కువ. నత్తను తినే నత్తను తెచ్చి వదలడం మాత్రం ఘోరమైన పొరపాటు. 1977లో మూరియా దీవిలో అలా వదిలిన వేట నత్త, పదేళ్లు తిరిగేసరికి అక్కడి పార్టులా నత్తలను అడవిలో లేకుండా చేసింది.

చెరువు అంచున ఉండే చిన్న లిమ్నియా నత్తలతో వచ్చే చిక్కు వేరు. కార్జపు జలగ పిల్లలు వాటిలో పెరిగి, బయటపడి గడ్డిని పట్టుకుంటాయి. ఆ గడ్డి మేసిన బర్రెలకు, గొర్రెలకు దవడ కింద నీరు దిగుతుంది. పశువైద్యుడి సలహాతో జలగల మందు తాగించాలి, ముంపు అంచున మేత మాన్పించాలి. అందుకోసం చెరువులో విషం కలపడం తగదు.

ఆ నీటిలోనే పైలా ఉంది, దాన్ని తిని బతికే నత్తగుల్ల కొంగ ఉంది. ఈ కొంగ ముక్కు రెండు దవడల నడుమ సందు కనిపిస్తుంది. కింది ముక్కు కొనను గుల్లలోకి పోనిచ్చి, కండరం తెంచి మాంసం లాగేస్తుంది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలారు. భూమికి, చెరువుకు అది మేలే. అయితే ఎండాకాలపు పూడికతో పాటు అందులో నిద్రపోతున్న పైలాలూ వెళ్లిపోతాయి. ఒక మూలన పూడిక కదపకుండా ఉంచితే, వానలకు అక్కడి నత్తలే చెరువంతా మళ్లీ వ్యాపిస్తాయి.