ముట్టుకోక ముందే అడగండి

"నీ పేరేంది?"

"నీ పేరేంది?"

"యాడుంటవ్?"

"యాడుంటవ్?"

"ఏం రా, మజాక్ చేస్తున్నవా?"

హైదరాబాద్ పంజాగుట్ట చౌరస్తాలో, రాత్రి పదింటికి, మెట్రో పిల్లర్ పక్కన ఒక కానిస్టేబుల్‌కీ పంతొమ్మిదేళ్ల కుర్రాడికీ మధ్య జరిగినట్టు ఊహించి రాసిన సంభాషణ ఇది. ఆటిజం ఉన్న పిల్లలను పెంచుతున్న ఇళ్లలో మాత్రం దీన్ని ఊహ అని ఎవరూ కొట్టిపారేయరు. ఐదో మాట తర్వాత ఏం జరగొచ్చో వాళ్లకు తెలుసు. ఆ కుర్రాడు వెక్కిరించడం లేదు. అడిగిన ప్రశ్నను అడిగినట్టే తిరిగి అనడం ఆటిజం ఉన్న చాలామందిలో కనిపిస్తుంది. జవాబు లోపలే ఉండిపోతుంది, విన్న మాట నోటికొస్తుంది. కళ్లలోకి చూడకపోవడం, చేతులు ఆడించడం, ఉన్నచోటే గిరగిరా తిరగడం, భుజం మీద చెయ్యి పడగానే విదిలించుకుని పరుగెత్తడం కూడా అలాంటివే. గస్తీలో ఉన్న పోలీసుకు నేర్పిన అనుమాన లక్షణాల్లోనూ సరిగ్గా ఇవే ఉంటాయి. తాగి ఉన్నాడు, గంజాయి కొట్టాడు, ఏదో ఎత్తుకొచ్చాడు, అందుకే పారిపోతున్నాడు అనుకుంటాడు. తనకు తెలిసిన చదువు ప్రకారం ఆ పోలీసు సరిగానే చదివాడు. ఆ చదువులో ఈ కుర్రాడి గురించి ఒక్క పేజీ కూడా లేకపోవడం వల్లే సమస్య వస్తోంది.

ఈ ప్రాంతమే అలాంటి పిల్లలకు కఠినమైనది. నిమ్స్ ఆసుపత్రి వైపు పరుగెత్తే అంబులెన్సుల సైరన్లు ఒకవైపు, అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలిసే చోట దిగే జనం ఒకవైపు. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల కరపత్రాలు నడిచేవాళ్ల చేతుల్లో కుక్కుతుంటారు. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి వచ్చే జనం గురించి చెప్పనక్కర్లేదు. మనం వినడం మానేసిన హారన్ వాళ్ల చెవిలో సూదిలా దిగుతుంది. భరించలేనప్పుడు వాళ్లు చేసే మొదటి పని అక్కడినుంచి వెళ్లిపోవడం. నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారైనా ఇలా చెప్పకుండా వెళ్లిపోవడానికి ప్రయత్నించినవాళ్లు ఆటిజం ఉన్న పిల్లల్లో దాదాపు సగం మంది ఉన్నారని అమెరికాలో 2012లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. తలుపు తీసి ఉన్న ఒక్క నిమిషం చాలు. ఆ తర్వాత ఆ బిడ్డకు ఎదురయ్యే మొదటి అపరిచితుడు చాలాసార్లు పోలీసే అవుతాడు.

ఆ ఎదురుపడే క్షణం గురించి లోతుగా ఆలోచించిన తీర్పు ఒకటి లండన్‌లో ఉంది. 2008 సెప్టెంబరులో ఒక ప్రత్యేక పాఠశాల తన పిల్లలను ఆక్టన్ ఈతకొలనుకు తీసుకెళ్లింది. వాళ్లలో ఒక పదహారేళ్ల కుర్రాడికి ఆటిజం, దానికి తోడు మూర్ఛ. మాటలు లేవు. బట్టలతోనే గట్టు మీద నిలబడి నీళ్లనే చూస్తూ ఉండిపోయాడు. వెంట ఉన్న సంరక్షకులు తొందరపెట్టలేదు. ముట్టుకుంటే నీళ్లలోకి దూకే పిల్లవాడని వాళ్లకు తెలుసు. కాలం గడిచింది, కొలను సిబ్బందికి కంగారు పుట్టింది, పోలీసులను పిలిచారు. వచ్చిన పోలీసు వీపు మీద చెయ్యి వేశాడు. కుర్రాడు దూకేశాడు. బయటికి లాగి, నేలకు అదిమి, చేతులకు బేడీలు, కాళ్లకు పట్టీలు వేశారు. ఆ తడి బట్టలతోనే పోలీసు వ్యాను వెనక బోనులో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఆ భయం పిల్లవాడిని చాలాకాలం వదల్లేదు, మూర్ఛ కూడా ఎక్కువైంది.

తండ్రి ద్వారా ఆ కుర్రాడు కోర్టుకెక్కాడు. 2012లో లండన్ హైకోర్టు పోలీసులది అమానవీయ, అవమానకర ప్రవర్తన అని తేల్చి 28,250 పౌండ్ల పరిహారం వేసింది. 2013 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు దాన్ని ఖరారు చేసింది. పోలీసులకు పిల్లవాడి మీద పగ ఉందని ఎవరూ అనలేదు. తొందరపడ్డారు, తెలుసుకోకుండా దిగారు, పక్కనే నిలబడి ఉన్న సంరక్షకులను ఏం చేయమంటారని అడగలేదు. కోర్టు పట్టుకున్న తప్పు ఇదే. నా మాట కూడా ఇంతే. పక్కన తెలిసినవాళ్లు ఉన్నప్పుడు వాళ్లను అడగడం పోలీసు చూపించే దయ కాదు, అతని డ్యూటీలో భాగం.

అడగకపోతే ఏమవుతుందో 2016 జూలైలో అమెరికాలోని నార్త్ మయామీ చూసింది. ఆటిజం ఉన్న ఒక యువకుడు నడిరోడ్డు మీద బొమ్మ లారీ పట్టుకుని కూర్చున్నాడు. అతన్ని చూసుకునే చార్లెస్ కిన్సీ పక్కనే వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పైకెత్తి, అది బొమ్మ అని అరుస్తూనే ఉన్నాడు. అయినా పోలీసు కాల్చాడు. తూటా కిన్సీ కాలికి తగిలింది. తాను గురిపెట్టింది ఆ యువకుడికని, అతను కిన్సీని బందీగా పట్టుకున్నాడనుకున్నానని ఆ అధికారి తర్వాత చెప్పుకున్నాడు. 2019లో శిక్ష పడింది, 2022లో అప్పీలులో కొట్టేశారు. సంరక్షకుడు ఉన్నాడు, చెప్పాడు, కానీ వినే చెవి లేదు.

మన దగ్గర తుపాకీ దాకా రాదని ఊరట పడొచ్చు. లాఠీ, చెంపదెబ్బ, రాత్రంతా ఠాణాలో కూర్చోబెట్టడం మనకు కొత్తవి కావు. యూనిఫాం వేసుకున్నవాళ్లకు ఈ పిల్లల తీరు అర్థంకాకపోవడం పోలీసులకే పరిమితం కూడా కాదు. 2022 మే 7న రాంచీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో విమానంలోకి ప్రత్యేక అవసరాలున్న ఒక కుర్రాడిని ఎక్కనివ్వలేదు. అలసటతో బెదిరిన పిల్లవాణ్ణి ప్రయాణికులకు ప్రమాదమన్నారు. తోటి ప్రయాణికులే తమకు అభ్యంతరం లేదన్నా ఫలితం లేకపోయింది. మూడు వారాల తర్వాత పౌర విమానయాన నియంత్రణ సంస్థ ఆ కంపెనీకి 5 లక్షల జరిమానా వేసింది. కాస్త సానుభూతితో వ్యవహరించి ఉంటే ఆ పిల్లవాడు కుదుటపడేవాడని చెప్పింది.

మన చట్టాలు ఈ విషయంలో మూగవేమీ కావు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ఊసే లేదు. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అదీ ఉంది. వికలాంగుల మీద హింస జరిగిందని తెలిసిన పోలీసు అధికారి వాళ్లకు రక్షణ కోరే హక్కు గురించి, దగ్గర్లో సాయపడే సంస్థ గురించి, ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పి తీరాలని ఆ చట్టం ఏడో సెక్షన్ అంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం శారీరక, మానసిక వైకల్యం ఉన్న సాక్షిని ఠాణాకు రమ్మనకూడదు, పోలీసే ఇంటికి వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పటాన్ జమాల్ వలీ కేసులో, అంధురాలైన ఒక దళిత యువతిపై అత్యాచారం విషయంలో, 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పోలీసులకు, న్యాయాధికారులకు వైకల్యంపై శిక్షణ ఉండాలంది. తెలుగు నేల మీద జరిగిన ఘోరం నుంచి పుట్టిన మాట అది. ముందు మన ఠాణాల్లోనే అమలు కావాలి.

అసలు ఖాళీ పద్దెనిమిదో పుట్టినరోజు దగ్గర మొదలవుతుంది. అంతవరకూ బాలల న్యాయ చట్టం అండ ఉంది. లాకప్ కూడదు, ప్రతి ఠాణాలో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి. ఆ రోజు దాటగానే, మీసాలొచ్చిన ఆ బిడ్డ చట్టం కళ్లకు మామూలు మగవాడు. మానసిక ఆరోగ్య చట్టం రోడ్ల మీద తిరుగుతున్న రోగులను లాకప్‌లో పెట్టొద్దని, 24 గంటల్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలని చెబుతుంది. కానీ ఆటిజం మానసిక జబ్బు కాదు, ఎదుగుదలకు సంబంధించిన స్థితి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి గేటు దగ్గర దించి రావడం దానికి జవాబు కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1984 నాటి పోలీసు చట్టం కింద ఇలాంటివారిని ప్రశ్నించేటప్పుడు పక్కన వాళ్ల మేలు చూసే ఒక పెద్దమనిషి ఉండాలి. మన దగ్గర నిందితుడైన పెద్దవాడికి అలాంటి ఏర్పాటు కావాలని గట్టిగా అడగాల్సిన సమయం వచ్చింది.

ఇక ఇంటివైపు చూడాలి. ఇది రాయడం కష్టం. నిద్ర లేకుండా ఏళ్ల తరబడి బిడ్డను కాచుకునే తల్లికి ఇంకో బాధ్యత చెప్పడానికి మనసొప్పదు. అయినా చెప్పాలి, ఎందుకంటే ఆ క్షణంలో ఆమె మాటే బిడ్డకు కవచం. పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు తల్లిదండ్రులు తమంతట తామే చట్టబద్ధ సంరక్షకులు కారన్న సంగతి చాలా ఇళ్లలో తెలియదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకుని ఆ హోదా పొందాలి. వికలాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) బీరువాలో ఉంటే లాభం లేదు, దాని నకలు బిడ్డ జేబులో, ఫోన్ నంబరు చొక్కా లోపలి పట్టీ మీద ఉండాలి. పండక్కో పుట్టినరోజుకో కాకుండా, మామూలు పగటిపూట బిడ్డను దగ్గరి ఠాణాకు తీసుకెళ్లి చూపించాలి. ఖాకీ రంగు, వాకీటాకీ గరగర అతనికి కొత్త కాకూడదు. ఇతను మా అబ్బాయి, పిలిస్తే పలకడు, ఈ పాట పెడితే కుదుటపడతాడు అని అక్కడ చెప్పి రావాలి. బంధువులకు తెలుస్తుందని బిడ్డను దాచిపెట్టే ఇంట్లో ఇవేవీ జరగవు.

ఇంకొకటి మన ఇళ్లలో తరచూ జరుగుతుంది. పోలీసు ముందు పరువు పోయిందనిపించి తండ్రి బిడ్డను లాగి ఒక్కటిస్తాడు. సార్ కోపం చల్లారుతుందని, ఇంక వాళ్లు కొట్టరని ఆశ. ఆ దెబ్బతో బిడ్డ మరింత అరుస్తాడు, ఈ పిల్లవాడు కొడితేనే వింటాడని పోలీసుకు పాఠం దొరుకుతుంది. సంరక్షకుడు చేతులు కట్టుకుని బతిమాలాల్సిన పని కూడా లేదు. "సార్, వాడికి ఆటిజం ఉంది. ముట్టుకోవద్దు. రెండు నిమిషాలివ్వండి, నేను మాట్లాడతా" అని స్థిరంగా చెప్పే హక్కు ఉంది.

సంరక్షకుడే హింసించినప్పుడు? గదిలో కట్టేసే ఇల్లు, గిచ్చి కూర్చోబెట్టే థెరపీ గది, మాటలు లేని బిడ్డ ఒంటి మీద వాతలు. 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఇలాంటి వాటికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. థెరపిస్టును భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడగడం తల్లిదండ్రుల పని. అలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు మీ ఇంటి గొడవ మీరే చూసుకోండని పంపేయకపోవడం పోలీసు పని. బిడ్డ నోరు విప్పి చెప్పలేడు కాబట్టి అతని ఒళ్లు చెప్పేది ఓపిగ్గా చదవాలి.

పంజాగుట్ట ఠాణాకు ఒక పేరుంది. 2017కు గాను కేంద్ర హోంశాఖ ఎంపికలో దేశంలోనే రెండో ఉత్తమ పోలీస్ స్టేషన్‌గా నిలిచింది. అదే ఠాణాలో 2024 జనవరి చివర్లో, ఒక కేసులో ఆరోపణల నేపథ్యంలో, నగర కమిషనర్ సిబ్బందినంతటినీ ఒకేసారి బదిలీ చేశారు. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ పట్టించుకోవాల్సింది మరొకటి. ఒక తల్లి వెళ్లి తన బిడ్డను పరిచయం చేసి వచ్చిన ఎస్సై మర్నాడు ఇంకో ఠాణాలో ఉంటాడు. అతనితోపాటు ఆ పరిచయమూ వెళ్లిపోతుంది. కాబట్టి అది మనిషి జ్ఞాపకంలో కాదు, ఠాణా రికార్డులో ఉండాలి. ఠాణా పరిధిలో ఆటిజం ఉన్నవారి పేరు, ఫొటో, ఎవరికి ఫోన్ చేయాలి, ఏది చేయకూడదు అన్నవి తల్లిదండ్రుల సమ్మతితోనే రాసుకున్న ఫైలును గస్తీ బృందాలకు తప్ప మరెవరికీ అందకుండా ఉంచాలి. మేధో వైకల్యం మీద దేశానికంతటికీ పనిచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. అక్కడి నిపుణుడు ఏడాదికి రెండుసార్లు వచ్చి కొత్తగా చేరిన కానిస్టేబుళ్లతో ఒక పూట గడపాలి. ఆ పూట గదిలో ఆటిజం ఉన్న పెద్దవాళ్లు కూడా ఉండాలి, వాళ్లతో టీ తాగాలి, అడిగిన ప్రశ్నే తిరిగొచ్చినా కోపం రాకుండా కూర్చోవాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఇన్‌స్పెక్టర్ రేపు ఉదయం ఆర్డరు వేస్తే మొదలవుతుంది.