సూరత్ ఆవాస్ కాలనీలు: గోడ మీది బొమ్మ ఎవరిది?

సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా, గోడాదరా, డిండోలి వీధుల్లో తెలుగు వినపడటం కొత్తేమీ కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పని వెతుక్కుంటూ ఇక్కడికి చేరి తరాలు గడిచాయి. సూరత్ నగరపాలక సంస్థ ఏడు మాధ్యమాల్లో ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది, వాటిలో తెలుగు ఒకటి. దసరా ముందు ఈ పేటల్లో బతుకమ్మలు పేరుస్తారు. ఒడియా కార్మికులు జగన్నాథ రథం లాగుతారు, మరాఠీ కుటుంబాలు గణపతి మండపాలు కడతాయి.

దేశమంతా కట్టుకునే సింథటిక్ చీరల మీద పూలూ లతలూ అద్దేది ఈ ఊరే. డిజైన్ గీసేవాళ్లు, అద్దకం పనివాళ్లు, జరీ పనివాళ్లు, ఎంబ్రాయిడరీ మిషన్ల మీద పనిచేసేవాళ్లు ఇక్కడ వీధికో గుంపు. రంగుతో బతికే ఊరిలో పేదలకు కట్టిన ప్రభుత్వ ఇళ్లు మాత్రం ఒకే మూసలో వరుసలుగా నిలబడి ఉంటాయి. ఇలాంటి కాలనీలను కళ ద్వారా బాగుచేయవచ్చన్నది కొన్ని దశాబ్దాలుగా ప్రపంచమంతటా వినిపిస్తున్న మాట. గోడ బొమ్మలు, వీధి నాటకం, పిల్లలతో పాటల బృందం, ఖాళీ స్థలంలో అందరూ కలిసి వేసుకున్న తోట: ఇవన్నీ దాని కిందికే వస్తాయి. దీనితో ఏం మారుతుంది, ఏం మారదు అన్నది సూరత్ లాంటి చోట లెక్కవేసి చూడాల్సిన విషయం.

శుభ్రమైన ఊరు, దూరమైన ఇల్లు

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది సూరత్ వదిలి పారిపోయారు. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు చెత్త ఎత్తడం, ఆక్రమణలు తొలగించడం, అధికారులను రోజూ వీధుల్లో తిప్పడం మొదలుపెట్టారు. అక్కడ మొదలైన పేరు 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం దాకా వచ్చింది. ఇప్పుడు ఫ్లైఓవర్ల కింద, పెద్ద రోడ్ల పక్కన రంగురంగుల గోడ బొమ్మలు కనిపిస్తాయి. అవి ఎక్కువగా దారిన పోయేవాళ్ల కోసం వేసినవి. నగరం తన ముఖాన్ని తాను దిద్దుకోవడంలో తప్పేమీ లేదు. కానీ జనం నివసించే కాలనీని బాగుచేయడం వేరే పని.

2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుంచి వదిలిన నీటితో తపతి పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. నది ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్లను ఆ తర్వాత తరలించడం మొదలైంది. 2005 డిసెంబరులో వచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద కేంద్రం డబ్బు అందుబాటులో ఉంది. అలా తపతికి ఉత్తరాన, అమ్రోలి పక్కన, కోసాడ్‌లో పెద్ద ఆవాస్ కాలనీ లేచింది. గుడిసె పోయి పక్కా ఇల్లు, ఇంట్లోనే మరుగుదొడ్డి వచ్చాయి. ఇది చిన్న లాభం కాదు. అయితే పాత బస్తీ నుంచి నడిచి వెళ్లగలిగిన పని ఇప్పుడు ఆటో ఖర్చు అయింది. నాలుగు ఇళ్లలో పాచిపని చేసుకునే మహిళకు రానుపోను ఛార్జీలు పోగా మిగిలేదెంతో ఎవరైనా లెక్క కట్టవచ్చు.

రెండో ఇబ్బంది కనపడనిది. పాత బస్తీలో పక్కింటివాళ్లు ఏళ్ల తరబడి పరిచయస్తులు. కొత్త కాలనీలో ఇళ్ల కేటాయింపుతో పాత ఇరుగుపొరుగు చెదిరిపోతుంది. ఇంటి తలుపు లోపలిది నాది, మెట్లూ వరండా నీళ్ల ట్యాంకూ ఎవరివో తెలియదు. మెట్ల మీద బల్బు పోతే కొత్తది పెట్టేది ఎవరు? నిర్వహణ రుసుము వసూలు చేయాలంటే ముందు ఒకరినొకరు నమ్మాలి. ప్రభుత్వ గృహ సముదాయాలు కట్టిన కొద్ది ఏళ్లకే పాతబడటానికి సిమెంటు నాణ్యతతో పాటు ఇదీ కారణమే. కళా ప్రాజెక్టులు నిజంగా తాకగలిగేది ఈ రెండో ఇబ్బందినే. మొదటిదాన్ని కాదు.

కన్నగి నగర్ చెప్పే సంగతి

దీనికి దగ్గరలో ఉన్న పెద్ద ఉదాహరణ చెన్నైది. తొరైపాక్కంలో 2000 సంవత్సరం నుంచి కన్నగి నగర్ పెరిగింది. కాలువ గట్ల నుంచి, సముద్ర తీరం నుంచి, 2004 సునామీ తర్వాత మరికొన్ని చోట్ల నుంచి జనాన్ని తెచ్చి ఇక్కడ దించారు. పక్కనున్న ఎళిల్ నగర్‌తో కలిపి ఇరవై మూడు వేలకు పైగా ఇళ్లున్న పునరావాస కాలనీ ఇది. ఐటీ కారిడార్‌ను ఆనుకునే ఉన్నా, దరఖాస్తులో కన్నగి నగర్ అని రాస్తే ఉద్యోగం రాదన్నది అక్కడి యువకుల పాత ఫిర్యాదు. పోలీసు కేసుల వార్తలతోనే ఆ పేరు జనానికి తెలిసింది.

2020 మొదట్లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్, ఏషియన్ పెయింట్స్, చెన్నై కార్పొరేషన్ కలిసి దీన్ని ఆర్ట్ డిస్ట్రిక్ట్‌గా మార్చే పని మొదలుపెట్టాయి. నాలుగు అంతస్తుల గోడల నిండా నవ్వుతున్న పిల్లల ముఖాలు, పక్షులు, ఆకులు వచ్చాయి. ఇదివరకు అటువైపు రానివాళ్లు కెమెరాలతో వచ్చారు. వార్తల్లో కాలనీ పేరు పక్కన ‘నేరాలు’ బదులు ‘బొమ్మలు’ అన్న మాట కనపడింది. చిరునామా చెప్పుకోవడానికే సిగ్గుపడాల్సి వచ్చినవాళ్లకు ఇది నిజమైన ఊరట. దీన్ని తేలిగ్గా తీసిపారేయడం సౌకర్యంగా బతికేవాళ్ల అలవాటు.

అయినా గోడ బొమ్మతో కుళాయిలో నీళ్లు రావు, మురుగు తగ్గదు, బస్సు రాదు. ఆ బొమ్మలను గీసింది చాలావరకు బయటి నుంచి వచ్చిన పేరున్న కళాకారులు. ఏ గోడ, ఏ బొమ్మ అన్న నిర్ణయంలో కింద ఇంట్లో ఉండే ఆవిడ మాటకు ఎంత విలువ ఉందన్నది ఇలాంటి ప్రతి ప్రాజెక్టుకూ వేయాల్సిన ప్రశ్న. 2025 అక్టోబరులో బహ్రెయిన్‌లో జరిగిన ఆసియా యువ క్రీడల్లో భారత బాలికల కబడ్డీ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టులో కన్నగి నగర్ అమ్మాయి ఉంది. కాలనీ పేరు మరోసారి వార్తల్లోకి వచ్చింది. ఈసారి కారణం గోడ కాదు, అక్కడి మైదానంలో ఏళ్ల తరబడి సాగిన సాధన.

మన హైదరాబాద్‌లోనూ ఇదే సంస్థ 2016లో రాజ్‌భవన్ వెనక ఎంఎస్ మక్తా బస్తీలో గోడ బొమ్మలు వేయించింది. మక్తా అప్పటికే పాత బస్తీ, అక్కడివాళ్లకు ఒకరికొకరు తెలుసు. కొల్లూరులో 2023 జూన్‌లో ప్రారంభమైన 15,660 రెండు పడక గదుల ఇళ్ల సముదాయం అలా కాదు. ఒకరికొకరు కొత్తవాళ్లయిన వేల కుటుంబాలు అక్కడ ఒకేసారి చేరాల్సి ఉంటుంది. కోసాడ్ అనుభవం పనికొచ్చేది అలాంటి చోటే.

గోడ కాకుండా గొంతు

గుజరాత్‌లోనే బొమ్మలతో పని లేని మరో దారి ఉంది. అహ్మదాబాద్‌లోని ఛారానగర్ వలస పాలకులు ‘నేరస్థ తెగలు’ అని ముద్రవేసినవారిని నిర్బంధించిన శిబిరం చుట్టూ ఏర్పడిన పేట. స్టూవర్టుపురం పేరు వింటే మనవాళ్లకు ఏం గుర్తొస్తుందో, ఛారానగర్ పేరు వింటే అహ్మదాబాద్‌లో అదే గుర్తొస్తుంది. పశ్చిమ బెంగాల్‌లో బుధన్ శబర్ అనే యువకుడు 1998 ఫిబ్రవరిలో కస్టడీలో చనిపోయాడు. ఆ కథను ఛారా యువకులు అదే ఏడాది నాటకంగా ఆడారు. మహాశ్వేతాదేవి, గణేష్ దేవి ప్రోత్సాహంతో మొదలైన ఆ బృందమే బుధన్ థియేటర్. పేటలోని చిన్న గ్రంథాలయం వాళ్లకు రిహార్సల్ గది కూడా అయింది. పోలీసుల తీరు మీద, తమ పేరు మీది మచ్చ మీద వాళ్లు వీధిలో నిలబడి ఆడిన నాటకాలు పేటకు రంగు వేయలేదు. తమ గురించి తామే చెప్పుకునే మనుషులను తయారుచేశాయి.

బ్రిటన్‌లోని లివర్‌పూల్‌లో గ్రాన్‌బీ వీధులది ఇంకో దారి. 1981 అల్లర్ల తర్వాత క్రమంగా ఖాళీ అయి, కూల్చివేత జాబితాలోకి ఎక్కిన ఇళ్లు అవి. మిగిలిన కొద్దిమంది, ఎక్కువగా మహిళలు, ఖాళీ ఇళ్ల కిటికీలకు రంగులు వేశారు, వీధిలో మొక్కలు పెట్టారు, నెలకోసారి సంత నడిపారు. 2011లో భూమిని సమష్టిగా ఉంచుకునే ట్రస్టు ఏర్పాటు చేసుకున్నారు. తర్వాతే అసెంబుల్ అనే యువ వాస్తుశిల్పుల బృందం వచ్చి పది ఇళ్లు బాగుచేసింది. 2015లో ఆ పనికి టర్నర్ బహుమతి దక్కింది. వరుస గమనించాలి: ముందు నివాసులు, తర్వాత ఆస్తి హక్కు, ఆఖర్న కళాకారులు. మన దగ్గర సాధారణంగా ఇది తలకిందులుగా జరుగుతుంది.

సూరత్‌లో ఏం చేయవచ్చు

సూరత్‌లో కళాకారులను బయటి నుంచి తేవాల్సిన అవసరం అంతగా లేదు. చీరల డిజైన్లు గీసే చేతులు ఇక్కడే ఉన్నాయి. బతుకమ్మ పేర్చే మహిళలకు రంగుల వరస ఎలా కట్టాలో ఎవరూ నేర్పక్కర్లేదు. బతుకమ్మ ఆడటానికి పది మంది చుట్టూ తిరిగేంత చోటు మాత్రం కావాలి. ఆవాస్ కాలనీలో బ్లాకుల మధ్య ఆ చోటు మోటార్ సైకిళ్లకు, చెత్త కుప్పలకు పోకుండా చూడటమే అక్కడ జరగగల మొదటి కళా ప్రాజెక్టు. రథానికీ గణపతికీ అదే చోటు. ఒడియా, మరాఠీ, తెలుగు, గుజరాతీ కుటుంబాలు దాన్ని ఏ తేదీన ఎవరు వాడుకోవాలో కూర్చుని మాట్లాడుకుంటే, మెట్ల బల్బు సంగతి కూడా అక్కడే తేలుతుంది.

డబ్బు సంగతీ ఉంది. రంగుల కంపెనీలు తమ సామాజిక బాధ్యత నిధి నుంచి పెయింటు ఇస్తాయి, కానీ ప్రారంభోత్సవం దాకే. సూరత్ వానకు బయటి గోడ మీద రెండో ఏడు నాచు పడుతుంది, నాలుగో ఏడు పెచ్చులు ఊడతాయి. అప్పుడు మళ్లీ వేసే ఖర్చు నిర్వహణ పద్దులో ముందే రాసి ఉందా, నిచ్చెన ఎక్కే పనికి కాలనీ యువకులకే కూలి ఇస్తారా అన్నవి ఒప్పందం మీద సంతకానికి ముందే అడగాల్సినవి. రియో డి జనేరోలోని శాంతా మార్తా బస్తీలో 2010లో డచ్ కళాకారులు హాస్, హాన్ రంగులు వేసినప్పుడు, అక్కడి యువకులకే పని నేర్పి జీతం ఇచ్చారు.

2020లో కేంద్రం అద్దె గృహాల పథకం తెచ్చినప్పుడు సూరత్‌లో ఖాళీగా పడి ఉన్న 393 ప్రభుత్వ ఇళ్లను వలస కార్మికులకు అద్దెకిచ్చేలా మార్చారు. గుడిసెల కొరత తీరని నగరంలో కట్టిన ఇళ్లు ఖాళీగా ఎందుకు మిగులుతాయన్న ప్రశ్నకు ఏ కుంచే జవాబివ్వదు. పని దగ్గర ఇల్లు, ఇంటి దగ్గర బడి, రాత్రి షిఫ్టు దిగిన కార్మికుడికి బస్సు: ఈ మూడూ నగరపాలక సంస్థ, పరిశ్రమల బాధ్యత. కోసాడ్ బస్టాప్ గోడ మీద బొమ్మ వేయించేటప్పుడు ఆఖరి బస్సు ఎన్నింటికో కూడా ఆ గోడ మీదే రాయించమని కాలనీవాళ్లు అడగవచ్చు.