హైదరాబాద్ – దుబాయ్: పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలా?

పోయిన వీడియో చూసి మన ఘనపూర్ దిక్కు తమ్ముడు ఒకతను అడిగిండు: "అన్నా, మా బాపు టికెట్‌లో దుబాయ్ పోయేటప్పుడు పది గంటలకు ఎక్కి పన్నెండున్నరకు దిగినట్టుంది. వచ్చేటప్పుడేమో రాత్రి పదికి ఎక్కి మూడింటికి దిగుతడట. వచ్చేది స్లో విమానమా?"

నవ్వకండి. ఈ లెక్క తప్పి మా ఇంట్లో ఏమైందో చెప్తా, ముందు దూరం చూద్దాం.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి నేరుగా గీత గీస్తే సుమారు 2,550 కిలోమీటర్లు. ఒక సైట్‌లో 1,580, ఇంకోదాంట్లో 1,375 అని కనిపిస్తే కంగారు పడకండి. మొదటిది మైళ్లు, రెండోది నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. దూరం అదే, కొలిచే కర్ర వేరు.

విమానం పైకి పోయినంక గంటకు 850 కిలోమీటర్లు అనుకుంటే మూడు గంటలు చాలు. కానీ రన్‌వే దాకా పాక్కుంటూ పోవుడు, ఎక్కుడు, దిగుడు స్లోగనే ఉంటయ్. పైగా అంత ఎత్తులో గాలి, ముఖ్యంగా చలికాలంలో, పడమర నుంచి తూర్పుకు గట్టిగా కొడుతది. దుబాయ్ పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనక నుంచి నెట్టే గాలి. అందుకే పోవడానికి దాదాపు నాలుగు గంటలు, రావడానికి మూడున్నర. అంటే తమ్ముడూ, వచ్చేదే ఫాస్ట్!

మరి టికెట్ ఎందుకట్ల చూపిస్తది? ఎక్కే టైమ్ ఎక్కే ఊరిది, దిగే టైమ్ దిగే ఊరిది కాబట్టి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తది. ఆ గీత మన కాకినాడ దగ్గరి నుంచే పోతది. దుబాయ్ టైమ్ 60 డిగ్రీలది. తేడా 22.5. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు, మొత్తం 90 నిమిషాలు. పోయేటప్పుడు టికెట్ మీది గంటలకు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసెయ్యాలి.

ఇప్పుడు మా ఇంటి కథ. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు బాపు రెండేళ్ల తర్వాత దుబాయ్ నుంచి వస్తుండు. 12వ తేదీ రాత్రి 10కి ఎక్కుతడు, 13న 3 గంటలకు దిగుతడు. "13 రాత్రి" అని చదివింది నేనే. ఇంట్లో ఇంగ్లిష్ చదివేది నేనొక్కడినే కదా! 13 పొద్దున, ఇంకా తెల్లవారలే, ఎవరిదో ఫోన్ నుంచి బాపు. "యాడున్నర్రా?" అన్నడు. మేం ఇంట్ల పండుకొని ఉన్నం. బండి మాట్లాడుకొని పోయేసరికి ఎనిమిది దాటింది. రెండు అట్టపెట్టెల మధ్య కూసొని ఉన్నడు. ఒక్క మాట అనలేదు. అమ్మ మాత్రం నన్ను ఘనపూర్ దాకా తిట్టింది.

రాత్రి 12 దాటితే తారీఖు మారుతది. టికెట్ మీద టైమ్ పక్కన చిన్నగా ప్లస్ ఒకటి ఉంటే అర్థం అదే, మరుసటి రోజు.

ఇక నీ లెక్క, తమ్ముడూ. బాపు 3కి దిగినా ఇమిగ్రేషన్, సామాన్లు అయ్యేసరికి నాలుగు. ఘనపూర్ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కి పోతే శంషాబాద్ సుమారు 130 కిలోమీటర్లు, రెండున్నర గంటలు పెట్టుకో. అంటే ఒంటిగంటకు ఇంట్ల నుంచి కదలాలి. బాపు దుబాయ్‌లో ఎక్కే రోజే రాత్రి అన్నం తిని రెడీగ ఉండు, మరుసటి రోజు రాత్రి కాదు.