పుట్టిన పిమ్మట చేర్చిన గుణములు

కంప్యూటరునకు పని చెప్పు భాషలు పెక్కు గలవు. వానిలో జావాస్క్రిప్టు అనుదానికి 1995లో అమెరికాయందలి నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ అనునాతడు పది దినములలో తొలిరూపము కల్పించెను. మీ మనుమలు చేతిఫోనులలో చూచు ఇంటర్నెట్టు పుటలు చాలవరకు దీనితోనే నడచుచున్నవి. దీని విచిత్ర స్వభావ మొకటి నేడు మనవి చేసెదను.

ఈ భాషలో సంఖ్య యొక జాతి, తేది యొక జాతి, జాబితా యొక జాతి. ప్రతి జాబితాయు తన పనిముట్లన్నిటిని తనలోనే దాచుకొనదు. ఇంట కుంచము లేనివాడు చావడిలోని ఉమ్మడి కుంచమును తెచ్చుకొనునట్లు, జాబితా మొదట తనయందు వెదకికొని, కానరానిచో తన జాతికంతకు ఉమ్మడియైన మూలరూపమునందు వెదకును.

ఆ చావడికి తాళము లేదు. ప్రోగ్రాము నడచుచుండగనే ఎవ్వరైనను అందు క్రొత్త పనిముట్టు నుంచవచ్చును. ఉంచిన క్షణమునుండి, అంతకుముందే పుట్టిన జాబితాలకు సైతము అది యందును. మనుమనికి నేర్పిన విద్య తాతకుగూడ వచ్చినట్లన్నమాట!

2006లో వెలువడిన మూటూల్స్ అను ఉపకరణముల సంపుటి ఈ సదుపాయమును విరివిగా వాడుకొన్నది. సంచిలో సంచులుగా నున్న జాబితాను విప్పి ఒకే వరుసగా పరచు పనిని ‘ఫ్లాటెన్’ అను పేర మూలరూపమునకు చేర్చెను. పిదప మూలరూపమున లెక్కకు కానవచ్చు పనిముట్ల నన్నిటిని తన స్వంత జాతి యొకదానికి నకలు చేసికొనుచుండెను. భాషతో పుట్టిన పనిముట్లు మాత్రము ఈ లెక్కకు కానరావు.

2018లో భాషా నిర్వాహకులు అదే పేరుతో అట్టి పనినే భాషలో చేర్పబూనిరి. ఫైర్‌ఫాక్సు ప్రయోగ ప్రతిలో దాని నుంచగనే ఒక పాత పుట చెడినది. కారణ మేమనగా, ఆ పేరిట అర ముందే కట్టియున్నది. మూటూల్స్ అందు తన వస్తువు నుంచెను గాని, అర మాత్రము లెక్కకు కానరాని అరగనే నిలిచెను. నకలు చేయునపుడు అది తప్పిపోయెను. దానిని నమ్ముకొన్న ప్రోగ్రాము నడుమ నాగెను.

అంతట వాదము పెరిగినది. పరిహాసముగా నొకరు ‘స్మూష్’ అను పేరు సూచించిరి. చావడిలో తన వస్తువు నుంచినవానిదే తప్పు గదా, భాష యేల తగ్గవలెనని కొందరనిరి. నాకా మాట సమ్మతము గాదు. ఆ పుటలను కట్టినవారు ఎక్కడ నున్నారో! వానిని చూచువారికి మూటూల్స్ పేరైనను తెలియదు. మునుపును ఇదే సంపుటి మూలముగా ‘కంటెయిన్స్’ అను పేరును ‘ఇన్‌క్లూడ్స్’ అని మార్చవలసివచ్చెను. అందుచేతనే జాగరూకులైన ప్రోగ్రాము రచయితలు ఉమ్మడి మూలరూపమును ముట్టక, తమ పనిముట్లను విడిగానే వ్రాసికొందురు.

తుదకు 2018 మే నెలలో పేరు మార్చిరి. 2019 ప్రమాణములో ఆ పని ‘ఫ్లాట్’ అను పేర చేరినది. మూటూల్స్ వారి ‘ఫ్లాటెన్’ జోలికి ఎవ్వరును పోలేదు.